టీతో పంచిన బిళ్ళలు

ఆ సోమవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి నేను ఫార్మసీ కిటికీ తలుపు తీశాను. బయట పదిహేను మంది దాకా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు అరటితోటల్లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు. ఇద్దరి చీటీల మీదా డాక్టరు రాసింది ఒకటే: ఒళ్ళునొప్పుల మాత్రలు, రోజుకు రెండు, మూడు రోజులకు. అంటే ఒక్కొక్కరికి ఆరు. నేను చెరొక పది మాత్రల అట్ట ఇచ్చాను.

"ఇంగో అట్ట ఈయండి మేడమ్. మళ్ళా సోమారం దాంక రాలేం, కోతలుండాయి," అంది ఇద్దరిలో పెద్దామె.

ఇంకో అట్ట ఇచ్చాను. "సల్లగుండమ్మా" అంటూ ఆమె వాటిని కొంగుకు ముడి వేసుకుంది. ఇందులో విశేషమేమీ లేదు. ఏడాదిన్నరగా ప్రతి సోమవారం నేను చేస్తున్న పనే అది.

కొత్తగా ఫార్మసిస్టు ఉద్యోగంలో చేరినవాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను పొరపాట్లు చాలా చేశాను. పేరు చూడకుండా సీసా అందించాను, గడువు దాటిన మందును బీరువా వెనక మరిచిపోయాను. అవన్నీ ఎవరో ఒకరు పట్టుకున్నారు, నేను దిద్దుకున్నాను. వాటన్నిటికంటే పెద్ద పొరపాటును ఎవరూ పట్టుకోలేదు. ఎందుకంటే నాకు ఊళ్ళో మంచిపేరు వచ్చింది దానివల్లే.

నేను పుట్టింది జమ్మలమడుగులో, మొదటి పోస్టింగు కూడా అక్కడే. నాకు పని నేర్పిన సీనియరు, "పేదోళ్ళమ్మా, బస్సెక్కి వచ్చినారు. రెండు ఎక్కువిస్తే మనదేం పోయె," అనేవాడు. మంచివాడు. ఆయన ఆ మాట అన్నది విరేచనాలైతే నీళ్ళలో కలిపి తాగే పొడి పొట్లాల గురించీ ఐరన్ మాత్రల గురించీ. నేను దాన్ని అన్ని మందులకూ వర్తింపజేసుకున్నాను. ఆయన అలా చెప్పలేదు.

చివరి నాలుగేళ్ళు ముద్దనూరు నుంచి పులివెందుల పోయే దారిలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. ఇల్లు ప్రొద్దుటూరులో. బస్సులో పోను గంటన్నర, రాను గంటన్నర. మా ఆయన ముద్దనూరు హైస్కూల్లో తెలుగు మాస్టరు, అందువల్ల అక్కడిదాకా ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. నేను అక్కడ చేరిన రెండో ఏడు ఆయన చనిపోయాడు. ఆ తర్వాత బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్న రోజు లేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునేవారు. అది నాకు కొంతకాలం వింతగా తోచేది.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒకతను, ఇరవై ఎనిమిదేళ్ళవాడు, అరటిగెలలు మోసే పని చేసేవాడు. భార్య, మూడేళ్ళ పాప. అతనికి అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బు ఉంది. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురుతో విరేచనాలవుతాయి. కడపలో ఒక కడుపు డాక్టరు గొట్టం పరీక్ష చేసి ఆ జబ్బు పేరు చెప్పి, మెసలమిన్ మాత్రలు రాశాడు. అది పేగు వాపును తగ్గించే మందు. తగ్గిన తర్వాత కూడా వాడుతూ ఉంటేనే జబ్బు తిరగబెట్టకుండా ఉంటుంది. మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు, పైపొర లోపలికి పోయాకే కరగాలి. అరుదుగా మూత్రపిండాల మీద ప్రభావం చూపుతుంది కాబట్టి డాక్టరు చెప్పిన గడువు ప్రకారం రక్తపరీక్ష చేయించుకోవాలి. కడప పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుందని, ఆ పరీక్షకు అతను మా దగ్గరికే వచ్చేవాడు.

మా ల్యాబ్ టెక్నీషియన్‌ది పులివెందుల. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. సూది గుచ్చేటప్పుడు నోరు మూసుకుని ఉండడం అతనికి తెలియదు.

"రెండు మిల్లీలు తీస్తాండానప్పా. దోమ రాత్రంతా తాగుతాది, దాన్ని ఒక మాటనవు."

"దోమ మళ్ళా నెలకి రమ్మనదు గదన్నా," అనేవాడు అతను.

మొదటి ఏడాది, ఒంట్లో బాగైందని అతను నాలుగు నెలలకే మాత్రలు ఆపేశాడు. జబ్బు తిరగబెట్టింది. నేను కిటికీలోంచే గట్టిగా కేకలేశాను. అప్పటినుంచి ప్రతి నెలా ఖాళీ అట్టలు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకొచ్చి నాకు చూపించేవాడు. నేను అడగలేదు, తనకు తానే పెట్టుకున్న పద్ధతి అది. ఆ తర్వాత ఏడాది పాటు అతనికి ఏ ఇబ్బందీ లేదు. బరువు పెరిగాడు. ఎక్కువ పని దొరుకుతుందని ఇంకో మేస్త్రీ గుంపులో చేరాడు.

గుంపు మారిన రెండు నెలలకు మళ్ళీ నెత్తురు పడటం మొదలైంది. కడప డాక్టరు మెసలమిన్ మోతాదు పెంచాడు. అదే మందును వెనకనుంచి ఎక్కించుకునే ద్రవం కూడా రాశాడు. అది చాలలేదు. స్టెరాయిడ్ ఇచ్చాడు. కొంచెం తగ్గింది, స్టెరాయిడ్ తగ్గిస్తుంటే మళ్ళీ మొదలైంది. రోజుకు ఏడెనిమిదిసార్లు పోవలసి వచ్చేది. తోటలో గెల దింపి, అరటి వరుసల వెనక్కి పరుగెత్తేవాడు. తోటివాళ్ళు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు.

ఒకరోజు కిటికీ దగ్గరికొచ్చి ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఈసారి కూడా తగ్గకుంటే పెద్ద మందులు పెడతారంట మేడమ్. దానికీ లొంగకపోతే పేగు తీసెయ్యాల్సి రావచ్చన్న్యాడు."

"ఇప్పుడే ఎందుకప్పా ఆ మాట?"

"కడుపు మీద సంచి కడతారంట. సంచి కట్టుకోని గెల యాడ మోసేది?"

నేను అతన్ని ఓదార్చాల్సింది. అందుకు బదులు, "నిజం చెప్పు, మాత్రలు మళ్ళీ మానేశావా?" అన్నాను.

అతను ప్లాస్టిక్ సంచి తీసి బల్ల మీద కుమ్మరించాడు. "ఎంచుకోండి."

ఎంచాను. అన్నీ ఉన్నాయి. ఒక్క పూట కూడా తప్పలేదు.

"వేరే మందులేమైనా వాడుతున్నావా?"

"ఏం లేదు మేడమ్."

ఈ ప్రశ్న నేను మూడు నెలలు వరసగా అడిగాను. మూడుసార్లూ అదే జవాబు వచ్చింది. అతని పుస్తకంలో "ఇతర మందులు లేవు" అని నా చేత్తో మూడుసార్లు రాశాను. ఆ రాత ఇప్పటికీ ఆ పుస్తకంలో ఉంది.

అదే వారం ల్యాబ్ టెక్నీషియన్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. "అక్కా, ఈయన క్రియాటినిన్ పెరిగింది. శానా ఏం కాదు. కానీ పోయిన రెండుసార్లకీ ఇప్పటికీ తేడా ఉండాది."

మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చెప్పే పరీక్ష అది. మేమందరం ఒకేమాట అనుకున్నాం: మెసలమిన్ వల్లేమో. మా డాక్టరమ్మ చాలా చిన్నది, చదువు ముగించి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆమె కడపకు ఫోన్ చేసింది. రెండు వారాల్లో పరీక్ష మళ్ళీ చేయమని, ఇంకా పెరిగితే మెసలమిన్ ఆపడం గురించి ఆలోచించాల్సి వస్తుందని ఆయన చెప్పాడు. పేగును కాపాడుతున్న ఒక్క మందూ పోతే అతనికి మిగిలే దారి ఏమిటో మాకు తెలుసు.

మా ఆయనకు ఒక అలవాటు ఉండేది. అచ్చులో ఉన్నది ఏదైనా సరే చదివేవాడు. బొరుగుల పొట్లం విప్పి కాగితం చదివిగాని పారేసేవాడు కాదు. ఆయన పోయాక బస్సులో ఊరికే కూర్చుంటే నా మనసు ఎక్కడికో పోతోందని నేనూ ఏదో ఒకటి చదువుతూ ఉండేదాన్ని. ఆ సాయంత్రం సంచిలో పుస్తకం లేదు. అతని ఖాళీ అట్టలతో పాటు వచ్చిన మందుపెట్టె కాగితం ఉంది, మడతలు మడతలుగా, చీమల్లాంటి అక్షరాలతో. అలాంటి కాగితాలు నేను ముప్పై ఏళ్ళుగా చెత్తబుట్టలో వేస్తున్నాను. ముద్దనూరు వచ్చేలోపు దాన్ని చివరిదాకా చదివాను.

నొప్పి మాత్రలతో కలిపి వాడితే మూత్రపిండాల మీద భారం పెరగవచ్చని అందులో ఉంది. నాకు తెలియని సంగతేమీ కాదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఈ పేగు జబ్బును కొందరిలో రెచ్చగొట్టవచ్చని కూడా చదువుకునే రోజుల్లో రాసుకున్నాను, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అతను ఏ మందూ వాడటం లేదన్నాడు కాబట్టి దాన్ని ఇతనికి అన్వయించుకోలేదు. అయినా ఆ రాత్రి ఒక మాట మనసులో పడింది. నేను మందుల గురించి అడిగాను. నొప్పుల గురించి అడగలేదు.

మళ్ళీ రక్తపరీక్ష చేయాల్సిన రోజు అతను రాలేదు. పుస్తకంలో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే అతని భార్య ఎత్తింది.

"పన్లోకి పోయినాడమ్మా. వద్దంటే ఇనడు. నెత్తురు పడతానే ఉండాది, అట్లనే పోతాండాడు."

"ఒళ్ళు నొప్పులున్నాయంటాడా?"

"గెలలు మోసేటోనికి నొప్పులుండవా మేడమ్? రాత్రి మూలుగుతానే ఉంటాడు. పొద్దన్నే తోటలో టీ తాగితే సర్దుకుంటాదంటాడు."

టీ నేనూ తాగుతాను. నా మోకాళ్ళు దానివల్ల ఎప్పుడూ సర్దుకోలేదు.

మరుసటిరోజు మొదటి బస్సుకే ప్రొద్దుటూరులో ఎక్కి, మా ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్ల ముందే, అతని భార్య చెప్పిన తోటల దగ్గర దిగాను. కండక్టరు, "ఈడేం పని మేడమ్ మీకు?" అని అడిగాడు. నాకే సరిగా తెలియదు.

కోసిన గెలలు అరటాకుల మీద వరుసగా పెట్టి ఉన్నాయి. దూరంగా తోట చివర ట్రాక్టరు. మూడు రాళ్ళ పొయ్యి మీద టీ కాగుతోంది. పన్నెండు మంది దాకా ఉన్నారు. నా సోమవారం ఆడవాళ్ళిద్దరూ వాళ్ళలో ఉన్నారు. నన్ను చూడగానే పెద్దామె లేచి నిలబడి, "కాంపౌండరమ్మ వచ్చిందిరో!" అని అరిచింది.

మేస్త్రీ తలగుడ్డ తీసి దండం పెట్టాడు. యాభై ఏళ్ళుంటాయి. ఒక చేత్తో కాగితం గ్లాసుల్లో టీ పోస్తున్నాడు. రెండో చేతిని భుజాన ఉన్న గుడ్డసంచిలో పెట్టి, ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క బిళ్ళ వేస్తున్నాడు. వాళ్ళు నోట్లో వేసుకుని టీ తాగి గ్లాసు పారేసి లేస్తున్నారు.

"రాండి మేడమ్ రాండి. మిమ్మల్ని సూడాలని శానా దినాలుగా అనుకుంటాండా. ఇయ్యన్నీ మీ బిళ్ళలే!"

సంచి నోరు తెరిచి చూపించాడు. ఇరవై అట్టలైనా ఉంటాయి. అన్నిటి మీదా ప్రభుత్వ సరఫరా అని, అమ్మకానికి కాదని ఉంది.

"ఒక్కటి గూడా అమ్మలే మేడమ్," అన్నాడు, నా చూపు ఎక్కడ నిలిచిందో చూసి. "అట్ట మీద రాసిండేది సదివిపిచ్చుకున్న్యా. ఊరికేనే పంచుతాండా. వారానికి ఆరుగుర్ని పంపిస్తా మీ కాడికి, వంతులేసుకోని. మీ మాదిరి చెయ్యి ఎవురికీ లేదు మేడమ్. అంతకు ముందు మేడమ్ ఎంచి ఎంచి ఇస్తాండె."

సంచిలోంచి ఒక అట్ట తీసి పేరు చూశాను, డైక్లోఫెనాక్.

"మీరూ ఒకటేసుకోండి. బస్సులో వచ్చినారు, నడుం పట్టుంటాది."

అప్పుడు అతన్ని చూశాను. వరుసలో ఐదోవాడు. నన్ను చూసి తల వంచుకున్నాడు, పరీక్షకు రానందుకు.

"రేపొస్తా మేడమ్. లోడుండాదని..."

"చేతిలో ఏంది?"

"టీ మేడమ్."

"ఇంకో చేతిలో?"

అరచేయి తెరిచి తనే చూసుకున్నాడు, నేను అడిగితేగాని అక్కడ ఏదో ఉందని తెలియనట్టు. "ఇదా? ఇది అందరూ యేసుకునేదే."

"ఎన్నాళ్ళుగా?"

"ఈ గుంపులోకి వచ్చినప్పట్నుంచి. పొద్దన ఒకటి. లోడెక్కువుంటే మధ్యానం ఇంగోటి."

"వేరే మందులు వాడుతున్నావా అంటే లేదన్నావు కదప్పా. మూడుసార్లు అడిగాను."

"ఇది మందు కాదు గదా మేడమ్," అన్నాడు. అబద్ధమాడేవాడు అలా నా కళ్ళలోకి చూడడు. "మందులు కడప డాక్టరు ఇచ్చినయి. ఇది టీలోకి."

బిళ్ళ ఇమ్మన్నాను, ఇచ్చాడు. అక్కడ బోర్లించి ఉన్న ఒక ప్లాస్టిక్ ట్రే మీద కూర్చున్నాను. నాలుగు నెలలుగా ఈ మనిషి పేగుకు ఏం జరుగుతోందని మేము వెతుకుతున్నాం. నెత్తురు తీశాం, పుస్తకాలు తిరగేశాం, కడపకు ఫోన్లు చేశాం. ఆ అన్ని రోజులూ అతను పొద్దున మింగిన బిళ్ళ నా కిటికీలోంచి నా చేతిమీదుగా పోయింది. ఖాళీ అట్టలు కుమ్మరించి ఎంచుకోమన్న రోజు కూడా అది అతని కడుపులోనే ఉండి ఉంటుంది.

నాకు తెలిసినంతలో చెప్పాను. పేగులో పుండ్లున్నవాడికి ఈ బిళ్ళ పడకపోవచ్చని, అతని మూత్రపిండాల పరీక్షలో తేడా రావడానికి కూడా ఇది కారణం కావచ్చని, మిగతావాళ్ళకు కూడా రోజూ పరగడుపున ఇలా మింగడం మంచిది కాదని. మేస్త్రీ ముఖం నల్లబడింది.

"అయితే నేను సంపుతాండానా వాన్ని?"

"ఇచ్చింది నేను. నువ్వు పంచావు."

"మంచికే గదా మేడమ్ పంచింది."

"నేనూ మంచికే ఇచ్చాను."

బిళ్ళ ఇచ్చేసి నిలబడ్డ అతను అందరి ముఖాలూ చూసి, "ఇంగ నేను గెల మొయ్యకూడదా?" అని అడిగాడు. ముందు ఆసుపత్రికి రమ్మన్నాను. మేస్త్రీ తన మోటారుసైకిలు మీద ఇద్దరినీ దింపాడు, నన్నూ అతన్నీ, ఒకరి వెనక ఒకరు.

డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆమె కడపకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఆ డాక్టరు అప్పుడు చెప్పిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి. నొప్పి మాత్ర ఈ రోజే ఆపాలి. మెసలమిన్ ఆపొద్దు. స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపొద్దు, మెట్లు మెట్లుగా తగ్గించాలి. నొప్పి భరించలేకపోతే పారాసిటమాల్, అదీ చెప్పిన మోతాదు దాటకుండా. వారానికొకసారి రక్తపరీక్ష. "జబ్బు తిరగబెట్టడానికి ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. కొందరికి ఈ మాత్రలతో ఏమీ కాదు. కానీ ఇది లోపలికి పోతూ ఉండగా ఆపరేషన్ గురించి మాట్లాడటం సరికాదు. ఆరు వారాలు చూద్దాం."

నేను జరిగింది ఒక కాగితం మీద రాసి డాక్టరమ్మకు ఇచ్చాను: చీటీలో ఉన్నదానికంటే ఎక్కువ ఇచ్చానని, ఏడాదిన్నరగా ఇస్తున్నానని.

"మేడమ్, ఇది పైకి పోతే మీకు మెమో వస్తుంది. రిటైర్మెంటు దగ్గర పెట్టుకుని ఎందుకు?" అంది.

"రానివ్వమ్మా. ఇంకో నలుగురైనా వాళ్ళ కిటికీ చూసుకుంటారు."

వచ్చింది. నా సర్వీసులో నాకు వచ్చిన మెమో అదొక్కటే. అందులో ఉన్నదంతా నిజమే కాబట్టి జవాబు రాయడానికి పావుగంట కూడా పట్టలేదు.

సోమవారం నా కిటికీ దగ్గరికి ఆడవాళ్ళకు బదులు మేస్త్రీ వచ్చాడు. వెనక గుంపంతా ఉంది.

"బిళ్ళ లేకుంటే గెల ఎవురు మోస్తారు మేడమ్? మీరొచ్చి మోస్తారా?"

కోపంగానే అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. డాక్టరమ్మ బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. ఒక్కొక్కరినీ పరీక్షించింది. ఒకామెకు బీపీ ఉందని అప్పుడే తెలిసింది, ఇంకొకాయనకు కడుపులో మంట చాన్నాళ్ళుగా ఉంది. ఇద్దరూ రోజూ బిళ్ళ మింగుతున్నవాళ్ళే.

"ట్రాక్టరు తోట చివర ఎందుకు పెడతారు? వరుసల్లోకి రాదా?" అని అడిగిందామె.

"డ్రిప్పు పైపులుండాయి గదమ్మా. టైరు కింద పడితే రైతు నన్ను బతకనియ్యడు."

"పైపులు ఎత్తి పక్కకు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. "అరగంట."

"అరగంట ముందు రాలేరా?"

"మాకు తోచనే లేదు డాక్టరమ్మా," అన్నాడు. వెనకనుంచి పెద్దామె, "మాకు తోచింది. నీకు చెప్తే ఇంటివా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో సగం పని అయింది. రైతుతో గొడవపడి, పైపులు తామే ఎత్తి తామే పరుస్తామని ఒప్పించి, మేస్త్రీ ట్రాక్టరును తోటలోపలిదాకా తెచ్చుకున్నాడు. మోసే దూరం సగానికి తగ్గింది. జబ్బుతో ఉన్న అతనికి మోత మాన్పించి గెలలు కోసే కత్తి ఇచ్చాడు. అది ఎవరూ అడగలేదు, తనే చేశాడు.

మొదటి వారం రక్తపరీక్షలో మార్పు లేదు. రెండో వారం కూడా అంతే. నెత్తురు మాత్రం కొంచెం తగ్గిందన్నాడు. నేను నమ్మాలో వద్దో తెలియక, "సరే" అన్నాను. మూడో వారం ల్యాబ్ టెక్నీషియన్ కాగితం పట్టుకోకుండానే వచ్చాడు.

"అక్కా, దిగింది."

"ఎంత?"

"దిగిందంటాండా గదా. ఎంతని తర్వాత సూస్తువులే."

ఆ సాయంత్రం బస్సులో ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్కన చీనీకాయల, అదే బత్తాయిల, గంప ఒళ్ళో పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది, నాకు పరిచయం లేదు. ఆమెకే చెప్పాను, మొదటినుంచి చివరిదాకా. ముద్దనూరు దాటేదాకా విని, "పోనీలేమ్మా, ఆ పిల్లోడు సల్లగుంటే సాలు," అని ఒక చీనీకాయ చేతిలో పెట్టింది. మా ఆయన పోయాక బస్సులో నేను ఒకరితో అంతసేపు మాట్లాడింది అదే మొదలు.

ఆ తర్వాత అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఒంట్లో బాగవగానే అతను స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపేస్తానన్నాడు. దానివల్ల బుగ్గలు ఉబ్బాయని అతనికి సిగ్గు. "ఉండనీ మేడమ్, పెండ్లినాడు గూడా ఇంత కళ లేదు," అంది భార్య. ఒక క్యాలెండరు కాగితం మీద ఏ రోజు ఎంత తగ్గించాలో రాసిచ్చి, మింగిన ప్రతిరోజూ గీత కొట్టమన్నాను. వెనకనుంచి ఎక్కించుకునే మందు గురించి మాట్లాడటానికి నా దగ్గర మొహమాటపడి, ల్యాబ్ టెక్నీషియన్‌ను అడిగేవాడు. అతను నన్ను అడిగి మళ్ళీ అతనికి చెప్పేవాడు. అలా మా ముగ్గురి మధ్య ఆ మందు సరిగా వాడటం సాగింది.

ఆరు వారాలకు విరేచనాలు రోజుకు రెండుసార్లకు వచ్చాయి, నెత్తురు లేదు. నాలుగు నెలలకు కడపలో మళ్ళీ గొట్టం పరీక్ష చేశారు. పుండ్లు చాలావరకు మానాయని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ మాట, పెద్ద మందుల మాట ఆయన ఎత్తలేదు. అతను నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చి, కాగితం ఊచల్లోంచి లోపలికి తోశాడు. "సదవండి మేడమ్," అన్నాడు. చదివాను. "ఇంగోసారి సదవండి," అన్నాడు.

ఇప్పుడు మీకు చెప్పదలచుకున్నది కొంచెమే. రోగిని "వేరే మందులు వాడుతున్నావా" అని అడిగి ఊరుకోకండి. ఒళ్ళు నొప్పికి ఏం వేసుకుంటావు, జ్వరమొస్తే ఏం వేసుకుంటావు, పనిలో ఎవరైనా ఏమైనా ఇస్తారా అని అడగండి. మనం మందు అనుకునేదీ, వాళ్ళు మందు అనుకునేదీ వేరుగా ఉంటాయి. పేగు జబ్బుకు మెసలమిన్ వాడుతున్నవాళ్ళు ఎవరైనా మీ దగ్గరికి వస్తే, బాగైందని ఆపొద్దని చెప్పండి, రక్తపరీక్ష తేదీ గుర్తుచేయండి, నొప్పి మాత్ర ఏదైనా డాక్టరును అడగకుండా వేసుకోవద్దని చెప్పండి. చీటీలో ఆరు అని ఉంటే ఆరే ఇవ్వండి. నాకు వచ్చినంత మంచిపేరు మీకు రాదు.

నేను రిటైరై మూడేళ్ళు కావస్తోంది. అతని జబ్బు పోలేదు. అది పోయే జబ్బు కాదు, అదుపులో ఉండే జబ్బు. నిరుడు ఒకసారి కొంచెం తిరగబెట్టింది, రోజు ఆలస్యం చేయకుండా కడప పోయాడు, మూడు వారాల్లో అదుపులోకి వచ్చింది. మాత్రలు మానలేదు, పేగు పోలేదు. రక్తపరీక్ష చేయించుకున్న రోజు నాకు ఫోన్ చేసి అంకె చెబుతాడు. పాప బడికి పోతోంది.

మిగతా తోటల్లో, మిగతా గుంపుల్లో ఏం జరుగుతోందో నాకు తెలియదు. మెడికల్ షాపులున్నాయి, ఊరి డాక్టర్లున్నారు, బరువులూ ఉన్నాయి. ఆ మేస్త్రీ గుంపులో మాత్రం ఇప్పుడు పొద్దున టీతో బిళ్ళ పంచరు.